కొత్తిమీర డబ్బాలో నేలసంపెంగ

చలికాలమంతా మా బళ్ళో బోరింగు పక్కన ఒక మడి ఖాళీగా పడి ఉండేది. ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలు దాని మీదుగా పరుగెత్తితే పెద్ద తరగతులవాళ్ళు రెక్క పట్టుకుని పక్కకి లాగేవారు. ఎందుకని అడిగితే చెప్పేవారు కాదు. చెప్పకూడదు కూడా. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు గానీ, మాకంటే ముందు చదివినవాళ్ళకీ అది ఉండేదట. చూడనివాళ్ళకి ఆ మడి సంగతి చెప్పకూడదు. వాళ్ళంతట వాళ్ళే చూడాలి.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, శివరాత్రి వెళ్ళిన కొన్నాళ్ళకి, ఒక పొద్దున్న సీసాలో నీళ్ళు పట్టుకోవడానికి బోరింగు దగ్గరికి వెళ్ళాను. మట్టి మీద పువ్వులు పడి ఉన్నాయి. తెల్లటివి, కింది రేకుల మీద ఊదారంగు. ఎవరి జడలోంచో జారిపోయాయనుకుని వంగి ఒకటి తీయబోయాను. రాలేదు. ఇంకొంచెం లాగాను. అప్పుడు తెలిసింది, అది పడిన పువ్వు కాదు, నేలలోంచి లేచిన పువ్వు అని. ఆకు లేదు, కొమ్మ లేదు. ఉత్త మట్టి, దాని మీద పువ్వు. వెనక పదో తరగతి అక్కలు నవ్వుతున్నారు. కొత్త పిల్లల మొహాలు చూడటానికే వాళ్ళు పొద్దున్నే వచ్చి అక్కడ కాచుకుని ఉన్నారు. సైన్సు చెప్పే మురళీమోహన్ మాస్టారు ఆ రోజు హాజరుపట్టీ బోరింగు దగ్గరికే తెప్పించుకుని, అక్కడే నిలబడి మా పేర్లు పిలిచారు.

మా వైపు దాన్ని నేలసంపెంగ అంటారు. సీతంపేట కొండల్లో అక్కడక్కడా ఉంటుంది గానీ ఇళ్ళల్లో ఎవరూ పెంచరు. పెంచి ఏం చేసుకోవాలో తెలియదు. పువ్వు పొద్దున్న విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. కాడ ఉండదు కాబట్టి జడలో పెట్టుకోవడానికి కుదరదు, దండ కట్టడానికీ కుదరదు. మనమే దాని దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, వంగి వాసన చూడాలి. పూలన్నీ అయిపోయాక ఆకులొస్తాయి. ఆకు పైన వెండిరంగు చారలు, అడుగున వంకాయ రంగు. వానలున్నన్నాళ్ళూ గుబురుగా ఉండి, చలి మొదలవగానే పసుపు తిరిగి, ఎండి, ఏ గుర్తూ లేకుండా పోతాయి. దుంప మాత్రం నేలలో పడుకుని ఉంటుంది. మళ్ళీ ఏడాది అదే దుంప నుంచి పువ్వు.

ఆకులు పోయాక పదో తరగతివాళ్ళు మడి తవ్వి, దుంపలు విడదీసి, కొన్ని మళ్ళీ పాతి, మిగతావి తలా ఒకటి ఇంటికి పట్టుకెళ్ళేవారు. విడదీయకపోతే ఒకదాన్నొకటి ఇరుకు పెట్టుకుని పూయడం మానేస్తాయని మాస్టారు చెప్పేవారు. మా వంతు వచ్చినప్పుడు నా దుంపని అమ్మమ్మ పెరట్లో పాత రంగు డబ్బాలో పాతాను. చోటు మార్చిన ఏడు పువ్వు రాదు, ఆకులే వస్తాయి. ఆ ఆకులతోనే డబ్బాని ఒళ్ళో పెట్టుకుని రైల్లో కలకత్తా వచ్చాను. పక్కన కూర్చున్నావిడ దారంతా అది పసుపు మొక్కేనని వాదించింది. నేను కాదనలేదు.

కలకత్తాలో అమ్మా నాన్నా ఉంటారు. నాన్న ప్రేమ్‌సాగర్ కార్పొరేషన్‌లో నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న కూడా ఆ కార్పొరేషన్‌లోనే పనిచేశాడు. అమ్మ ఇక్కడే పుట్టి పెరిగింది, తాత ఉద్యోగం అయిపోయాకే అమ్మమ్మ ఊరికి వెళ్ళిపోయింది. నా చిన్నప్పుడు అమ్మకి జబ్బు చేస్తే నన్ను ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఉంచారు. అమ్మకి నయమయ్యేసరికి నేను అక్కడి బడికి, అమ్మమ్మకి అలవాటైపోయాను. ఇక అక్కడే ఉండిపోయాను. పదో తరగతి అయ్యాక అమ్మమ్మ గాజువాకలో మావయ్య దగ్గరికి వెళ్ళింది, నేను వాట్‌గంజ్‌లో ఈ రెండు గదుల ఇంటికి వచ్చాను.

అంతకు ముందు అమ్మంటే వేసవి సెలవుల్లో సంచులతో వచ్చే మనిషి. ఇప్పుడు పొద్దున్న లేవగానే ఎదురుగా ఉండేది. ఏమి తింటావని అడిగేది. ఏదైనా పరవాలేదనేదాన్ని. కూర బాగుందా అని అడిగేది. బాగుందనేదాన్ని. ఆ తరవాత ఇద్దరికీ మాటలు అయిపోయేవి. నేను చుట్టపుచూపుగా వచ్చిన పిల్లలాగే కంచం కడిగి బోర్లించి, మంచం చివర కూర్చునేదాన్ని. కొత్త బళ్ళో అంతా హిందీ, బంగ్లా. అక్కడ నోరు విప్పాల్సిన అవసరం లేకుండా రోజులు గడపడం నేర్చుకున్నాను.

డబ్బా మాత్రం డాబా మీద పెట్టాను. అక్కడ నిలబడితే డాక్‌లో క్రేన్లు కనిపిస్తాయి, ఓడ కూత వినిపిస్తుంది. అమ్మ అక్కడే బకెట్లలో మిరప, బచ్చలి, ఒక తులసి పెంచుతోంది. వానలకి నా మొక్క ఆకులు డబ్బా అంచులు దాటి కిందికి వంగాయి. సాయంత్రాలు దాని పక్కన కూర్చుంటే బోరింగు చప్పుడు గుర్తొచ్చేది. ఒక్కొక్కరి పేరు, ఎవరు ఏ బెంచీలో కూర్చునేవారో గుర్తు చేసుకునేదాన్ని.

ఆ వానల్లోనే నా స్నేహితురాలు సత్యవేణి ఫోను చేసింది. బళ్ళో కొత్త గదులు కడుతున్నారని, బోరింగు పక్కన జేసీబీతో పునాది తీసేశారని చెప్పింది. మడి లేదు. తన దుంపని కోళ్ళు గీకి బయటపడేశాయట. వాళ్ళ పక్కింటి పిల్ల దుంప నీళ్ళెక్కువై కుళ్ళిపోయిందట. మిగతావాళ్ళని అడిగితే ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. నీదుందా అని అడిగింది. ఉందన్నాను. అయితే మన బడిది ఇక అదొక్కటేనంది సత్యవేణి. ఫోను పెట్టేశాక డాబా మీదికి వెళ్ళి, వానలో తడుస్తూ, డబ్బాని గోడవారకి జరిపాను.

చలికాలం రాగానే ఆకులు ఎండిపోయాయి. ఒకరోజు బట్టలు ఆరేస్తున్న అమ్మ డబ్బా వైపు చూసి నన్ను పిలిచింది.

"జోతీ, నీ మొక్క చచ్చిపోనాదే. ఈ ఊరి నీళ్ళు పడలేదనుకుంటాను. బాధపడకు, మీ నాన్నకి చెప్పి గులాబీ తెప్పిస్తాను."

చచ్చిపోలేదని నేను చెప్పాలి. కానీ అది చెబితే మిగతాదీ చెప్పాలి. అమ్మ ఎప్పుడూ నేలసంపెంగ చూడలేదు. శివరాత్రి వెళ్ళాక ఒక పొద్దున్న తులసికి నీళ్ళు పోయడానికి వచ్చి, ఖాళీ డబ్బాలో పువ్వు చూసి, ఎవరో పడేసుకున్నారని వంగి తీయబోయే అమ్మ మొహం నాకు కావాలి. పదో తరగతి అక్కలు నాకోసం కాచుకున్నట్టు నేను అమ్మకోసం కాచుకుని ఉండాలి. అందుకని తల దించుకుని ఊపాను. అమ్మ తడి చేత్తోనే నా తల నిమిరింది. నాకు ఏడుపు వచ్చింది, మొక్క గురించి కాదు. అమ్మ మాత్రం మొక్క గురించే అనుకుంది.

వారం తిరక్కుండా ఆ డబ్బాలో కొత్తిమీర మొలిచింది. మట్టి ఖాళీగా ఉంటే అమ్మ చూస్తూ ఊరుకోలేదు. ధనియాలు నలిపి చల్లేసి, రోజూ చెంబుతో నీళ్ళు పోస్తోంది. కింద పడుకున్న దుంపకి ఆ కాలంలో నీళ్ళు తగిలితే కుళ్ళిపోతుంది. సత్యవేణి చెప్పిన పక్కింటి పిల్ల దుంప గుర్తొచ్చి నాకు అన్నం సహించలేదు. అప్పటికైనా చెప్పేస్తే సరిపోయేది. కానీ అప్పుడు నేను అంతకుముందు తల ఊపిన ఊపు అబద్ధమని తెలిసిపోతుంది, అమ్మ నిమిరిన చెయ్యి కూడా దొంగిలించినట్టవుతుంది. అందుకని ఒక ఉపాయం ఆలోచించి, ఇకనుంచి డాబా మీద నీళ్ళు నేనే పోస్తానన్నాను. అమ్మకి ఎంత సంతోషమైందంటే, ఆ రాత్రి నాన్న భోజనానికి కూర్చోగానే ఆ మాట రెండుసార్లు చెప్పింది.

మిరపకీ బచ్చలికీ నిండుగా పోసేదాన్ని. కొత్తిమీరకి మాత్రం వేళ్ళు ముంచి మట్టి పైపైన చిలకరించేదాన్ని. అది వెంట్రుకల్లాగ సన్నగా లేచి పసుపు తిరిగింది. విసిగిపోయి అమ్మ దాన్ని వదిలేస్తుందని నా లెక్క. అమ్మ ఏదీ వదిలేసే మనిషి కాదని నాకింకా తెలియదు. మట్టిలో సత్తువ లేదని తేల్చుకుని, వాడేసిన టీ పొడి ఎండబెట్టి పోగు చేసింది. నేను బడికి వెళ్ళిన ఒక రోజు డబ్బాని మొత్తం గచ్చు మీద తిరగబోసింది.

ఆ సాయంత్రం మెట్లెక్కుతుంటే వాసన తగిలింది. అల్లమూ కర్పూరమూ తడిమట్టీ కలిసిన వాసన. మడి తవ్విన రోజు మా చేతులకి అంటుకుని, సబ్బుతో తోమినా పోకుండా, రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు కూడా ఉన్న వాసన. ఆ రోజు మేమంతా ఒకరి అరచేతులు ఒకరం వాసన చూసుకుని నవ్వుకున్నాం. నాకు మనసంతా తేలికైపోయింది. రెండో అంతస్తు దాకా నవ్వుకుంటూనే ఎక్కాను. ఆ వాసన ఇక్కడికి ఎలా వచ్చిందని గుమ్మం దాటి వంటింట్లోకి అడుగుపెట్టాకే ఆలోచించాను.

అమ్మ రోలు కడుగుతోంది. నన్ను చూసి మొహం విప్పార్చుకుంది.

"నీ డబ్బాలో ఏటి దొరికిందో తెల్సా? మామిడల్లం. మీ అమ్మమ్మ పెరటి మట్టిలో ఉండిపోనాదో ఏటో, గుత్తులు గుత్తులుగా ఉన్నాది. ఓ రెండు ముక్కలు పచ్చడి నూరీసి, మిగతాదంతా కింద మంగత్తకి ఇచ్చీసినాను."

నాన్న అప్పటికే అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. పచ్చడి నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఇది పచ్చడి కాదే సుందరీ, మందు. జొరం లేనోడికి కూడా దిగిపోద్ది."

"ఈ ఊళ్ళో అందరూ ఇదే తింటారు. నోరు మూసుకుని తిను."

నేను సంచి అక్కడే పడేసి కిందికి పరుగెత్తాను.

మంగాదేవి కింది అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ఆమె భర్త, మా తాత కార్పొరేషన్‌లో ఒకే జట్టులో పనిచేశారట. అమ్మకి అత్త వరస, నాకు మామ్మ. ఈ ఇంట్లోనే పుట్టింది. తెలుగు మాట్లాడుతూనే బంగ్లాలోకి వెళ్ళిపోయి మళ్ళీ వస్తుంది. నేను మెట్ల దగ్గర ఎదురైనప్పుడల్లా తల వంచుకుని దాటిపోయేదాన్ని, ఆమె వెనకనుంచి ఏదో ఒకటి అనేది. ఆ రోజు ఆమె గుమ్మంలో నేనే నిలబడ్డాను. లోపల కత్తిపీట ముందు కూర్చుని ఉంది.

"కీ రే, ఎవరది? సుందరి కూతురేటి? దారి తప్పినావా?"

ఆమె పక్కన గిన్నెలో ఉప్పూ నిమ్మరసమూ కలిపిన తెల్లటి చక్రాలు కనిపించాయి.

"అమ్మ ఇచ్చిన దుంపలు," అన్నాను. "అవి నావి, మామ్మా."

"మాటొచ్చినాది గుంటకి. వచ్చీ వచ్చీ, ఇచ్చింది ఎనక్కి అడగడానికొచ్చినాది. మీ అమ్మ పంపిందేటి?"

అమ్మకి తెలియదన్నాను. గిన్నె దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. అన్నీ కండ ఉన్న ముక్కలే. నాకు కావాల్సింది అందులో లేదు. దుంపల పైన ఎండిన తోలుతో ముడిలాగా ఉండేది ఎక్కడుందని అడిగాను. దాన్ని కోసి తొక్కల్లో పారేశానని, ఆ చెత్త నాకెందుకని ఆమె అడిగింది. నేను మెట్ల కిందున్న చెత్త బకెట్టు వైపు తిరిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ముందు చెప్పు. ఆ ముడిలో ఏటున్నాది?"

ఇక చెప్పక తప్పలేదు. మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు. గుండ్రంగా ఉన్నవి నీళ్ళు దాచుకునే తిత్తులే, వాటిని పాతితే ఏమీ రాదు, కన్ను ఉండేది ఆ ముడిలోనే అని చెప్పాను. అందులోంచే పువ్వు వస్తుంది, ఆకుల కంటే ముందు, ఉత్త మట్టిలోంచి వస్తుంది అన్నాను. మా బడి గురించి చెప్పాను. బోరింగు, హాజరుపట్టీ, ఒకరి చేతులొకరం వాసన చూసుకోవడం, సత్యవేణి కోళ్ళు, జేసీబీ, అన్నీ చెప్పాను. మా బడిది ఇక ఇదొక్కటే మిగిలిందని, అది కూడా పోతే నేను సత్యవేణికి ఏమని చెప్పాలని అడిగాను. మామ్మ నోరు తెరుచుకుని వింటోంది. ఆమె చూపు నా మీద కాకుండా నా వెనక ఉందని చివరికి గమనించి తిరిగి చూశాను. గుమ్మంలో అమ్మ ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. చేతులకి రోటి తడి ఇంకా ఆరలేదు.

"ఇంత మాటాడతావా నువ్వు," అంది.

గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"చచ్చిపోనాదని నానంటే తలూపినావు. కొత్తిమీరేస్తే ఊరుకున్నావు. నోరిప్పి ఒక్క ముక్క చెప్పుంటే నానెందుకు తవ్వుదును?"

"నువ్వు చూడలేదు కదమ్మా. చూడనోళ్ళకి చెప్పకూడదు. మా బళ్ళో అంతే."

"నాను మీ బళ్ళో చదివినానేటి? అమ్మని."

ఆ మాట గట్టిగా అనలేదు. అరిచినా బాగుండేది. మామ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మోకాళ్ళు పట్టుకుని లేచింది. తగువు రేపటికి దాచుకోండి, బకెట్టు మాత్రం రేపటిదాకా ఉండదు, పొద్దున్నే కార్పొరేషన్ బండి వస్తుంది అంది.

ఆ బకెట్టు ఇంట్లో అన్ని వాటాలవాళ్ళదీ. చేప పొలుసులు, గుడ్డు పెంకులు, అరటి దవ్వ పీచు, ఎవరో పారేసిన అన్నం. ముగ్గురం మెట్ల కింద కాగితాలు పరిచి బోర్లించాం. నేను చెయ్యి పెట్టబోతే అమ్మ పక్కకి తోసింది. పుస్తకాలు పట్టుకునే చెయ్యి అంది. వాసనని బట్టి పోల్చుదామంటే చేపల వాసన తప్ప ఏమీ తెలియడం లేదు. అమ్మ ఒక్కొక్క తొక్కే తీసి బల్బు వెలుగులో నాకు చూపిస్తోంది. ఇదా? కాదు. ఇదా? అది అల్లం తొక్క. మామ్మ తను ఏ పక్కనుంచి కోసిందో చేత్తో అభినయించి చూపిస్తోంది. పై వాటాలో ఉండే బెంగాలీ ఆయన మెట్లు దిగుతూ ఏం పోయిందని అడిగితే, మామ్మ బంగారం పోయిందని చెప్పింది. ఆయన కూడా కాసేపు నిలబడి చూశాడు.

దొరికినవాటిలో మొదటి ముడి కత్తికి నిట్టనిలువునా చీలిపోయి ఉంది. రెండోది ఒక పక్క తెగింది. దాన్ని అమ్మ చీర చెంగుతో తుడిచి ఇచ్చింది. తోలు మడత పక్కకి తీసి చూశాను. బియ్యపు గింజంత గులాబీరంగు కన్ను. తెగలేదు.

కోసిన చోట బూడిద అద్దాలని, నీడన ఆరబెట్టాలని, పాతాక మొలక కనిపించేదాకా నీళ్ళు పోయకూడదని అమ్మకి చెప్పాను. మా ఇంట్లో గ్యాసే కాబట్టి బూడిద లేదు. అమ్మ దేవుడి గూట్లో అగరొత్తుల బూడిద చిటికెడు తీసి అద్ది, ఆ ముక్కని ఆ గూట్లోనే ఆరబెట్టింది. నాన్న దండం పెట్టుకోబోయి అది ఏ దేవుడని అడిగాడు. అమ్మ నవ్వలేదు. నాతో కూడా రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

దాన్ని పాతిన రోజున అసలు సంగతి చెప్పేశాను. కోసిన దుంప ఆ ఏడు పూయదు, ఆకులు వస్తే చాలు, అవీ రాకపోవచ్చు. అమ్మ మట్టి సర్దుతూ, నా వైపు చూడకుండా, మీ బడి ఎలాగుండేది అని అడిగింది. ఎలా ఉండేదంటే ఏం చెప్పాలో తెలియక, అమ్మకి తెలుసు కదా అన్నాను.

"నాకేటి తెల్సు. నానొచ్చీది ఎండాకాలం. తాళం కప్ప, గేటు, అంతే. మీ అమ్మమ్మ బజారుకి పంపినప్పుడు ఆ గేటు దగ్గిర నిలబడి, జోతి ఏ గదిలో కూకుంటాదో అని చూసుకుని ఎలిపోయీదాన్ని."

ఆ రోజునుంచి, అమ్మ కూరలు తరుగుతుంటే నేను ఎదురుగా కూర్చుని చెప్పేదాన్ని. నా గది ఎడమవైపు చివరిది. కిటికీ తలుపు ఒకటి ఊడిపోతే మాస్టారు తాడుతో కట్టారు. వాన పడితే ఆ వరసవాళ్ళం మధ్యకి జరిగేవాళ్ళం, ముగ్గురు కూర్చునే బెంచీలో ఐదుగురం కూర్చుని రాసుకుంటే ఒకరి మోచెయ్యి తగిలి ఇంకొకరి అక్షరాలు వంకర పోయేవి. అమ్మ ఏదైనా చిన్న ప్రశ్న అడిగేది. నీ పక్కన ఎవరు కూర్చునేవారు? మధ్యాహ్నం గుడ్డు పెట్టేవారా? నువ్వెప్పుడైనా దెబ్బలు తిన్నావా? చెబుతుంటే నేను మరిచిపోయినవి కూడా బయటికి వచ్చేవి.

శివరాత్రి వెళ్ళింది. డబ్బాలో ఏమీ లేదు. కాకులు గీకుతాయని అమ్మ పాత జల్లెడ దాని మీద బోర్లించింది. హోలీ రంగులు గచ్చు మీద మరకలుగా మిగిలాయి, అప్పటికీ ఏమీ లేదు. నాకు పదకొండో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. పొద్దున్నా సాయంత్రమూ డాబా ఎక్కుతుంటే అమ్మ పుస్తకం చేతికిచ్చి వెనక్కి పంపేది. తను చూస్తాలెమ్మనేది. వేలితో తవ్వి చూడాలని చేతులు పీకేవి. తవ్వితే కన్ను విరుగుతుందని తెలిసి కూడా. లోపల కుళ్ళిపోయి ఉంటుందని నేను దాదాపు నిశ్చయించుకున్నాను. సత్యవేణి ఫోను చేస్తే పరీక్షల గురించే మాట్లాడి పెట్టేశాను.

ఆఖరి పరీక్ష రోజు ఎండ బాగా కాసింది. ఇంటికి వచ్చేసరికి మా వాటా తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపల ఎవరూ లేరు. కిందనుంచి మామ్మ కేక వేసింది. మీ అమ్మ పొద్దున్ననంగా పైకెక్కింది, భోజనానికీ దిగలేదు, మతిపోయిందో ఏమో వెళ్ళి చూసుకో అంది.

డాబా మీద గచ్చు కాలిపోతోంది. అమ్మ తులసి బకెట్టు పక్కన గోనె మీద కూర్చుని ఉంది. చేతిలో నాన్న నల్ల గొడుగు. కానీ నీడ అమ్మ మీద లేదు. చెయ్యి ముందుకి చాపి గొడుగుని డబ్బా మీద పట్టుకుని, తను ఎండలో కూర్చుంది. నుదురు చెమటతో మెరుస్తోంది. పక్క డాబా మీద బట్టలు తీస్తున్న ఇద్దరాడవాళ్ళు ఇటే చూసి నవ్వుకుంటున్నారు.

"నువ్వు మెట్లు దిగిన కాసేపటికే చూసినాను," అంది అమ్మ. "పిలుద్దామని గోడ దాకా ఎల్లినాను. పరీక్షకి ఆలీసమవుతాదని మానీసినాను. ఎండ తగలకుండా ఉంటే నువ్వొచ్చీదాకా ఆగుతాదేమోనని."

మోకాళ్ళ మీద కూర్చుని వంగి చూశాను. ఈ ఏడు పూయదనుకున్నది పూసింది, ఒక్కటే పువ్వు. తెల్లటి రేకులు తడి కాగితంలాగా పలచబడి మట్టికి వాలాయి. ఊదారంగు ఇంకా ఉంది. మొహం దగ్గరికి పెడితే వాసన ఉందా లేదా అన్నట్టుంది. ముట్టుకోలేదు. ఎంతసేపు అలా ఉన్నానో గానీ, అమ్మ గొడుగు కొంచెం జరిపి నా మెడ మీద కూడా నీడ పడేటట్టు చేసింది.

"ఇప్పుడు చూసి లాభం లేదే," అంది. "పొద్దున్న చూడవలసింది. ఎలాగున్నాదనుకున్నావు... ఉండు, చెప్తాను."

అమ్మ చేతిలోంచి గొడుగు నేను అందుకున్నాను. అమ్మ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది, నీళ్ళ చెంబుతో పైకి రావడం, జల్లెడ తీయడం, ఎవరో పారేసుకున్నారేమోనని ఒక్క క్షణం అనుకోవడం. నేను మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడకుండా విన్నాను.